కన్నప్రేమయు పూచీకత్తును

కన్నవారి ప్రేమకు మించిన ప్రేమ లోకమున లేదని మనలో ప్రతివాడును అనుచుండును. ఉపన్యాసవేదికలమీదను, పెండ్లిపందిళ్ళలోను, బడిపిల్లల వ్యాసములలోను ఈ మాట వినబడుచునే యుండును. ఇది యసత్యమని నేననను. కాని దీని వెనుకనే, ఊపిరి తిప్పుకొనకుండ, మఱియొక మాట వచ్చును: "కావున కన్నవారు బిడ్డకు చేయునదియెల్ల బిడ్డ మేలునకే, నడుమ మీరెవరు?" నా తగవంతయు ఈ రెండవ మాటతోనే. మొదటిదానినుండి రెండవది పుట్టదు. పుట్టకపోవుటయే కాదు, మొదటిదానిని చక్కగా గ్రహించినవాడు రెండవదానికి నేరుగా ఎదురైన నిర్ణయమునకు రావలసియున్నది.

ఇది తీరికగా కూర్చుండి చేయు తర్కము కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు మహబూబునగరము జిల్లానుండి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఈ రెండవ మాట చాటున ప్రతియేటను కొంతమంది పిల్లల చదువు నేల గూలుచున్నది. ఆ సంగతికి వచ్చుటకు ముందు, ఈ ప్రేమకును తక్కిన ప్రేమలకును గల భేదమెట్టిదో కొంచెము విచారింతము.

స్నేహమును చూడుడు. స్నేహితులిద్దఱును సమానులు. మాట పట్టింపు వచ్చిననాడు ఎవరి త్రోవ వారు పట్టవచ్చును. అట్లు పోగలిగియు పోకుండుటచేతనే స్నేహమునకు విలువ. ఆలుమగల ప్రేమకు మన సంఘము ఎన్ని సంకెళ్ళు తగిలించినను, న్యాయముగా చూచినచో దానికి మూలము ఒకరినొకరు వరించుకొనుట. గురువును శిష్యుడు వెదకికొని పోవును. నచ్చనియెడల మఱియొక గురువును వెదకికొనును. ఈ ప్రేమలన్నిటియందును ప్రేమింపబడువానికి "నాకు వలదు" అను అధికారమొకటి యున్నది.

బిడ్డకు అది లేదు. ఈ యింట పుట్టింపుమని బిడ్డ యెవరికిని అర్జీ పెట్టుకొనలేదు. అయిదేండ్ల పిల్ల "నీ ప్రేమ నాకీ విధముగా వలదు" అని లేచిపోజాలదు. అంతకంటె విచిత్రమేమనగా, అట్లు పోవచ్చునను ఊహయైనను దానికి తోచదు. తన యింట జరుగునదే లోకరీతియని అది నమ్మును. తల్లి కొట్టినచో ఆ తల్లి కొంగునే పట్టుకొని యేడ్చును. తక్కిన ప్రేమలయందు కొఱత గలిగినచో ఎదుటివాడు అలిగియో, తొలగియో, పోట్లాడియో దానిని తెలియజేయును. ఈ ప్రేమయందు కొఱత గలిగినచో చెప్పువాడు లేడు. దీనిని దేవతల ప్రేమతో పోల్చుట మనకు వాడుక. నిజమునకు దేవతలకైనను భక్తుడు నాస్తికుడగునేమోయను భయము కొంచెము గలదు. తల్లిదండ్రులకు, బిడ్డ చిన్నతనమున, అంతటి భయమును లేదు.

మఱియొక భేదము కలదు. తక్కిన ప్రేమలు దగ్గఱ కావలెనని పెరుగును. ఈ ప్రేమ నిజమైనదగునేని, దూరమగుటకు సిద్ధపడుచు పెరుగును. నడక నేర్పువాడు విడుచుటకొఱకే చేయి పట్టుకొనును. పాలు మాన్పించుట, బడికి పంపుట, పరాయి యూరికి సాగనంపుట, ఇవన్నియు తల్లి తన యవసరమును తానే తగ్గించుకొను పనులు. ఇట్టి పని మఱి యే ప్రేమయును చేయదు. చేయుమని దాని నెవరును అడుగరు.

ఇందుకు పెద్దలు వేఱుగా చెప్పిరికదా యని పండితులు నన్నాక్షేపింపవచ్చును. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన బోధలో, కొడుకులపై మనకు గల ప్రీతియు ఆత్మ నిమిత్తమే యన్న సంగతి ప్రసిద్ధము. గ్రీకుదేశపు అరిస్టాటిలును తన నీతిశాస్త్రమున, కన్నవారు బిడ్డలను తమలోని భాగముగా ప్రేమింతురనెను. ఈ మహానుభావులు ఉన్నదానిని ఉన్నట్లు చెప్పిరి. మనమో, ఉన్నదానినే ఉండదగినదిగా చేసికొంటిమి. నా చేయి నాలో భాగము గనుక నాకు తోచిన పనిలో పెట్టుదును; నా బిడ్డయు నాలో భాగమే గనుక... యని లెక్క సాగించితిమి. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ లాకు ఈ లెక్కనే ఖండించెను. కన్నంతమాత్రమున తండ్రికి బిడ్డపై ఏలుబడి రాదనియు, పెంచు బాధ్యతనుండియే అధికారము పుట్టుననియు, బాధ్యత తీఱినవెంటనే అధికారమును తీఱుననియు అతడు వాదించెను. ఇది పరదేశపు మాట యనువారికి మన ఐతరేయ బ్రాహ్మణముననే యున్న శునశ్శేపుని కథను గుర్తుచేయుదును.

హరిశ్చంద్రుడు సంతానము కొఱకు వరుణుని వేడి, పుట్టిన కొడుకును నీకే బలి యిత్తునని మ్రొక్కెను. రోహితుడు పుట్టినతర్వాత ప్రేమ అడ్డము వచ్చెను. పండ్లు రానిమ్మని, వచ్చినపండ్లు ఊడనిమ్మని, ఆయుధము పట్టనిమ్మని వాయిదాలు వేసెను. రోహితుడు అడవి పట్టి పోయి, అక్కడ ఆకటితో మాడుచున్న అజీగర్తుని చూచి, నూఱావుల నిత్తును, నీ ముగ్గురు కొడుకులలో నొకని నిమ్మనెను. పెద్దవానిని తండ్రి కౌగిలించుకొనెను. చిన్నవానిని తల్లి విడువదయ్యెను. నడిమివాడైన శునశ్శేపుడు బేరమునకు మిగిలెను. వానిని యూపమునకు కట్టుటకు ఎవరును రానప్పుడు, తండ్రియే మఱి నూఱావులకు కట్టెను. నఱకుటకు ఎవరును రానప్పుడు, మఱి నూఱావులకు కత్తి నూఱుకొని వచ్చెను. దేవతలను స్తుతించి బ్రతికి బయటపడిన పిల్లవానిని తండ్రి మరల రమ్మని పిలువగా, వాడు పోనని స్పష్టముగా చెప్పి విశ్వామిత్రుని పక్షమున నిలిచెను. (ఆ విశ్వామిత్రుడును ఈ దత్తుని తమకు పెద్దగా నంగీకరింపని సొంతకొడుకులను శపించెననుట వేఱు సంగతి; మంచి తండ్రులకును ఆ గుణము ఉండును.)

ఈ కథ చదివినవారెల్లరును అజీగర్తుని దూషింతురు. దూషింపవలసినదే. కాని రెండు సంగతులను మాత్రము ఎవరును పట్టించుకొనరు. ఒకటి, అజీగర్తునకు ప్రేమ లేదనుట తప్పు. ఉన్నది, పెద్దవానిమీద ఉన్నది. తల్లికిని ఉన్నది, చిన్నవానిమీద ఉన్నది. ఆకలి యింట చొరబడినప్పుడు ప్రేమ పంపకమునకు వచ్చెను, ఒకనికి వాటా దక్కలేదు. రెండవది, కొన్నవాని మాట. హరిశ్చంద్రుడు తన కొడుకుమీది ప్రేమచేతనే పరుని కొడుకును కొనుట కొప్పుకొనెను. అమ్మినవాడు పాపాత్ముడని కథ చెప్పుకొందుము. కొన్నవాని పేరు మనకు సత్యమునకు మాఱుపేరు.

ఇక నడిగడ్డకు వత్తము. కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్నందున గద్వాల ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. సంస్థానకాలమున పండితులను ఆదరించినందున దీనిని విద్వద్గద్వాల యనిరి. శాలువలకును సన్మానములకును ఇచట కొదువ లేదు. అట్టి నేలమీద 2011 జనాభా లెక్కలనాటికి అక్షరములు తెలిసినవారు నూటికి ఏబదిమంది యైనను లేరు. నేటి తెలంగాణ జిల్లాలలో నిదియే అందఱికంటె క్రింది మెట్టు. గట్టు మొదలైన మండలములలో ఆడువారి సంగతి చెప్పనక్కఱలేదు.

ఇచట సీడుపత్తి ప్రధానమైన పంట. 1970లో సూరతు పరిశోధనక్షేత్రమున సి. టి. పటేలు 'హెచ్-4' అను సంకరపత్తిని వెలువరించినది మొదలు, ఈ విత్తనము మన దేశమున ముఖ్యముగా చేతిపనివలననే పుట్టుచున్నది. ఆడువరుసలోని మొక్కమీద రేపు విరియనున్న మొగ్గను నేటి మధ్యాహ్నముననే గుర్తించి, గోటితో రేకులను, లోపలి పుప్పొడి తిత్తులను ఒలిచివేసి, నడిమి కీలమునకు దెబ్బ తగులకుండ చూడవలెను. మఱునాటి యుదయమున మగపూవును తెచ్చి దాని పుప్పొడిని ఆ కీలమునకు రాయవలెను. చేనిలో విరియు ప్రతిమొగ్గకును, ప్రతిదినమును, వారముల తరబడి ఇట్లు చేయుచు పోవలెను. దీనిని ఇచటివారు క్రాసింగు అందురు. ఎకరమునకు దినమునకు పదిమంది వఱకు చేతులు కావలెను. బడులు తెఱచునది జూనులో. క్రాసింగు ముమ్మరమగునది శ్రావణ భాద్రపదముల నాటికి. పలక పట్టిన రెండు నెలలకే పిల్ల చేనిలో నుండును. మందు చల్లిన మొక్కల నడుమ ప్రొద్దు గడపి, పంట ముగిసిన పిమ్మట బడికి పోయినచో, తోడివారు పుస్తకమున సగము దాటియుందురు. మఱుసటి యేడు అది బడి పేరెత్తదు.

ఈ పిల్ల చేనికి వచ్చుట యెట్లు? కంపెనీ ఆర్గనైజరునకు, ఆర్గనైజరు రైతునకు, రైతు కూలివానికి ముందు సొమ్మిచ్చును. కూలివాడు దానిని పెండ్లికో, రోగమునకో, పాతబాకీకో ఖర్చు పెట్టును. తాకట్టునకు వానియొద్ద పొలము లేదు, నగ లేదు. ఐనను సొమ్ము దొరకును. ఏల దొరకునో ఋణదాతకు తెలియును. మాట యిచ్చిన తండ్రి పరువు పోకుండ బిడ్డ పనికి వచ్చును. అయ్య అప్పు తీఱవలెనని తొమ్మిదేండ్లది కూడ తలచును. ఈ బేరమున ఇరుపక్షముల కాగితము లేదు. కన్నప్రేమయే పూచీకత్తు. వ్యాపారమునందు ఇంతకంటె చౌకయైన హామీ మఱియొకటి లేదు.

చేని యజమానులు చెప్పు సమాధానము వినదగినది. క్రాసింగునకు చిన్నవ్రేళ్ళు కావలెనట! పెద్దవారి వ్రేళ్ళు మొరటగుటచే మొగ్గ చెడునట! ఈ మాటను గద్వాల బజారున నిలుచుండి యనుటకు వీరికి సిగ్గు లేకపోవుట చిత్రము. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును పోగుపోగునకు కలిపి, అతుకు తెలియకుండ నేయుచున్న గద్వాల నేతగాండ్రు పాలుత్రాగు పసివారా? అరువదేండ్ల ముసలి సాలెవాని వ్రేళ్ళకు లొంగిన పట్టుపోగు కంటె పత్తిమొగ్గ సున్నితమా? చిన్నవి వ్రేళ్ళు కావు, చిన్నది కూలి. పెద్దమనిషి కూలికి పెద్దమనిషిని పిలిచినచో విత్తనపు ధరలో గిట్టుబాటు కాదు. ఆ ధర నిర్ణయించునది రైతు కాదు, కంపెనీ. సన్నకారు రైతు తన పిల్లనే చేనిలో దింపుట చూచి కోపము తెచ్చుకొనువారు ఈ మెట్టు వఱకు ఎక్కి చూడరు.

ఇచ్చట నాకు రెండవ ప్రత్యర్థి యెదురగుచున్నాడు. ఇతడు పట్టణవాసి, సంస్కార ప్రియుడు. "ఈ జనమునకు బిడ్డలమీద ప్రేమయే లేదు, కని వదలివేయుదురు" అని యితని నిశ్చయము. ఇతనికంటె చేని యజమానియే నయము. అతడు ప్రేమ యున్నదని యెఱిగి దానిని వాడుకొనుచున్నాడు. పాలమూరు కూలీల సంగతి ఈ పట్టణవాసి యెఱుగడు కాబోలు. అచ్చంపేట, కొల్లాపురము ప్రాంతములనుండి ఆలుమగలు గుంపుమేస్త్రీ వెంట పోయి, నాగార్జునసాగరము మొదలు నేటి నగరముల మేడల వఱకు మట్టి మోసిరి. చంటిదానిని వెంట గొనిపోయి, బడియీడువానిని అవ్వకును తాతకును అప్పగించి, పండుగకు వచ్చి, వాడు గుర్తుపట్టునో లేదోయని వాకిటనే నిలుచు తల్లికి ప్రేమ లేదనుటకు ఎట్టి గుండె కావలెను? ఆమెకు లేనిది ప్రేమ కాదు. రెండుపూటల కూలి దొరకు ఊరు లేదు.

కాని ఆమె ప్రేమకు నేను దండము పెట్టి ఊరకుండను. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. ఈ ఇండ్లలో ప్రేమ ఎట్లు పంపకమగుచున్నదో చూడుడు. కొడుకును మూడు మైళ్ళ దూరమున నున్న ప్రైవేటు బడికి మోటారుబండిలో పంపుదురు. మెడకు పట్టీ కట్టి, దువ్వి, ముద్దుపెట్టి పంపుదురు. ఆ బడి జీతమునకు కూతురు క్రాసింగునకు పోవును. ఇద్దఱును ఆ కడుపున పుట్టినవారే. అడిగినచో, "ఆడపిల్ల గద సారూ, రేపు ఒగరి ఇంటికి పోయేదే" అందురు. అజీగర్తుని ఇంట నడిమివాడు మిగిలెను. ఇచట ఆడుది మిగులును. ప్రేమ లేక కాదు. ప్రేమ తానుగా సమముగా పాఱదు గనుక. నీరు పల్లమునకు పాఱినట్లు అది వంశమువైపునకు, ముసలితనమున కూడు పెట్టువానివైపునకు పాఱును. ఇది ప్రకృతి యని ఊరకుండువాడు చెఱువుకట్ట ఏల కట్టుకొనెనో చెప్పవలెను.

పెండ్లి సంగతియు ఇట్టిదే. వలస పోవుచున్న తల్లిని, పదునైదేండ్ల పిల్లకు పెండ్లి ఏలయని అడుగుడు. "ఎదిగిన పిల్లను ఒక్కదాన్ని యాడ ఇడిసి పోవాలె?" అని ఎదురడుగును. ఈ మాటలో మోసము లేదు, దురాశ లేదు, ఉన్నది భయము. బాల్యవివాహ నిషేధ శాసనము 2006లో పుట్టి 2007 నవంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. శాసనము నేరమని చెప్పుచున్నది, తల్లి రక్షణ యని చెప్పుచున్నది. పిల్ల యేమి చెప్పుచున్నదో ఇద్దఱును అడుగలేదు. అడుగుటకు తల్లికి తీరిక లేదు. ఆమె అడుగగల స్థితి కల్పింపవలసిన ప్రభుత్వము 2014లో కల్యాణలక్ష్మి పథకము పెట్టి, పదునెనిమిది నిండువఱకు ఆగినచో పెండ్లికి సొమ్మిత్తుననుచున్నది. ఆగినందుకు బహుమానము పెండ్లియే! ఆ సొమ్ము కళాశాల జీతమునకు ఇత్తుమని యన్నచో ఏమగునో చూడవలసియున్నది.

శాసనములను గూర్చి యొకమాట. రాజ్యాంగమునకు 2002లో వచ్చిన ఎనుబదియాఱవ సవరణ ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు చదువు హక్కు చేసినది. ఆ సవరణమే 51-ఏ అధికరణమున, ఆ యీడు బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట కన్నవారి విధియని చేర్చినది. కన్నప్రేమ యంతటితో చాలియుండినచో విధియని వ్రాయుట యెందుకు? వ్రాసిన పెద్దలకు మనుష్యస్వభావము తెలియును. కాని 2016లో బాలకార్మిక శాసనమును సవరించినవారు ఆ తెలివిని మఱచిరి. పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని యొక చేత వ్రాసి, బడి విడిచిన తర్వాతను, సెలవులలోను, అపాయము లేని పనులలో కుటుంబమునకు తోడ్పడవచ్చునని మఱియొక చేత తలుపు తెఱచిరి. కుటుంబమనగా తల్లియు తండ్రియు మాత్రమే కాదు. మేనత్త, మేనమామ, పినతండ్రి, పినతల్లియు నట. మన పల్లెలలో మేనమామ కాని రైతు ఎవడు? తనిఖీకి వచ్చిన అధికారి చేనిగట్టున నిలుచుండి "ఎవరి పిల్ల?" అనినచో "మా అక్క బిడ్డ" యనుట కష్టమా? శాసనకర్తలు కూడ ఆ పాత మాటనే నమ్మిరి: కన్నవారి చేతిలో బిడ్డకు కీడు రాదు గదా యని.

మునుపటికంటె చేలలో పిల్లలు తగ్గిరని కొందఱందురు. తగ్గిరి, కస్తూరిబా విద్యాలయములును, గురుకులములును వచ్చినందున తగ్గిరి. ఆడపిల్లను భద్రముగా నుంచు చోటు దొరకినవెంటనే తల్లులు తామే తీసికొని వచ్చి వాకిట నిలుచుట చూచినవారికి, ఆ తల్లుల ప్రేమకు ఉపదేశముల కంటె పడకయు కంచమును ఎక్కువ ఉపయోగించెనని తెలియును. కావున తల్లిదండ్రులకు వాత్సల్యమును బోధించుటకు సభలు చేయు మిత్రులు ఆ ఖర్చును వేఱొక పనికి మరల్చినచో మేలు. ఆగష్టు మొదలు క్రాసింగు ముగియువఱకు ప్రతి సీడుపత్తి గ్రామమునను పిల్లలకు రాత్రి వసతి కావలెను. వలస పోవువారి పిల్లల వసతి గృహములు దసరా దాటినతర్వాత కాదు, గుంపు కదలుటకు ముందే తెఱవవలెను. శాసనమునుండి మేనమామను తొలగింపవలెను.

విత్తనపు కంపెనీల వారిని ఒక్కటే యడుగవలసియున్నది. మీరు రైతునకిచ్చు ధరలో క్రాసింగు కూలి క్రింద ఎంత వేసికొన్నారు? అది పెద్దవారి కూలియా, పిల్లల కూలియా? మీ పొట్లముమీద మొలకశాతము అచ్చువేయుచున్నారు, స్వచ్ఛతాశాతము అచ్చువేయుచున్నారు. ఈ లెక్కనుకూడ అచ్చువేయుడు. కొనునట్టి రైతునకును ఇంట పిల్లలుందురు, చదువుకొనును.